రాధాకిషన్ దమానీ – డీమార్ట్

రాధాకిషన్ దమానీ ముంబైకి చెందిన వర్తకుడు, మదుపరి. ‘డీమార్ట్’ పేరుతో తగ్గింపు ధరల దుకాణాలు నడిపే అవెన్యూ సూపర్‌మార్ట్స్ సంస్థకు వ్యవస్థాపకుడు. 2002లో ముంబైలోని పొవాయ్‌లో ఒక్క దుకాణంతో మొదలైన ఈ గొలుసు 2025 మార్చి 31 నాటికి 415 దుకాణాలకు పెరిగింది. మహారాష్ట్ర, గుజరాత్‌ల తర్వాత ఇది బాగా వేళ్లూనుకున్న ప్రాంతాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమైనవి. హైదరాబాద్‌లోనే కాక వరంగల్ వంటి నగరాల్లో కూడా నెల సరుకులు కొనే తీరును డీమార్ట్ మార్చింది.

చవకగా అమ్ముతామని బోర్డు పెట్టడం ఎవరికైనా తేలికే. ఏళ్ల తరబడి అప్పుల పాలు కాకుండా అలా అమ్మడమే కష్టం. దమానీ కంటే ముందు, ఆయనతో పాటు ఈ దారి పట్టినవారు దేశంలో చాలామంది ఉన్నారు. వారిలో కొందరు ఆయనకన్నా వేగంగా ఎదిగారు, అంతే వేగంగా కూలిపోయారు. దమానీ నిలబడటానికి కారణం సొంత స్థలం, రొక్కం కొనుగోలు, తక్కువ లాభం, నిదానం. పాత బజార్లలో పేరున్న ప్రతి వర్తకుడికీ ఈ నాలుగూ తెలుసు. వాటిని వందల దుకాణాల స్థాయికి తీసుకెళ్లడమే దమానీ చేసిన పని.

బాల్యం, తొలి వ్యాపారం

దమానీ మార్వాడీ కుటుంబంలో పుట్టి ముంబైలో పెరిగారు. కుటుంబం ఒకే గది ఇంట్లో ఉండేది. ముంబై విశ్వవిద్యాలయంలో వాణిజ్యశాస్త్రం చదవడానికి చేరి, ఒక ఏడాది తర్వాత చదువు మానేశారు. మొదట బాల్ బేరింగుల వ్యాపారం చేశారు. తండ్రి శివకిషన్ దమానీ ముంబై షేర్ బజారు ఉన్న దలాల్ వీధిలో పనిచేసేవారు. తండ్రి మరణం తర్వాత బేరింగుల వ్యాపారం వదిలి, సోదరుడు గోపీకిషన్‌తో కలిసి కుటుంబపు షేర్ దళారీ వ్యాపారంలోకి దిగారు. అప్పటికి ఆయన వయసు 32 ఏళ్లు. షేర్ల గురించి ఆయన ఎక్కడా చదువుకోలేదు. బజారులో నిలబడి, కొనేవాళ్లనూ అమ్మేవాళ్లనూ గమనిస్తూ నేర్చుకున్నారు.

షేర్ బజారులో

మొదట్లో దమానీ ధరల ఎగుడుదిగుళ్ల మీద లాభం చూసుకునే వ్యాపారి. 1990ల ఆరంభంలో హర్షద్ మెహతా కొన్ని షేర్ల ధరలను ఆకాశానికెత్తినప్పుడు, అవి నిలబడవని నమ్మి ఎదురు పందెం కాసినవారిలో ఆయన ఒకరు. ధరలు పెరుగుతున్నంత కాలం ఆ పక్షం తీవ్రంగా నష్టపోయింది. 1992లో బ్యాంకుల సొమ్ము షేర్లలోకి మళ్లిన కుంభకోణం బయటపడి బజారు కుప్పకూలాక గట్టెక్కింది.

ఆ తర్వాత దమానీ మెల్లగా దీర్ఘకాలిక పెట్టుబడి వైపు మళ్లారు. పాత తరం మదుపరి చంద్రకాంత్ సంపత్ ఆలోచనలు ఆయన మీద బాగా పనిచేశాయి. మంచి సంస్థను ఎంచుకుని, సరైన ధరకు కొని, ఏళ్ల తరబడి అట్టే పెట్టుకోవడం ఆ పద్ధతి. నిత్యావసర సరుకులు తయారుచేసే సంస్థల షేర్లను పరిశీలించే క్రమంలో సబ్బు, పేస్టు, నూనె డబ్బా కొనే సామాన్య కుటుంబపు అలవాట్ల మీద ఆయనకు ఆసక్తి పెరిగింది. తర్వాత పేరు మోసిన మదుపరి రాకేశ్ ఝున్‌ఝున్‌వాలా దమానీని తన గురువుగా చెప్పుకునేవారు. 2022 ఆగస్టులో ఝున్‌ఝున్‌వాలా మరణించాక ఆయన ఆస్తుల సంరక్షణ బాధ్యత తీసుకున్నవారిలో దమానీ ఒకరు.

తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు ఆయన నిత్యవేషం. పత్రికలతో మాట్లాడటం, సభల్లో కనిపించడం చాలా అరుదు. ఆయన దుకాణంలో ఏటా లక్షలు ఖర్చుపెట్టే కుటుంబాలు కూడా ఎదురుపడితే ఆయనను గుర్తుపట్టకపోవచ్చు.

హైదరాబాద్‌తో ముడి: వీఎస్టీ

డీమార్ట్ పుట్టకముందే దమానీ పేరు హైదరాబాద్ వ్యాపార వర్గాల్లో వినిపించింది. హైదరాబాద్ వాసులు ఇప్పటికీ ‘వీఎస్టీ’ అని పిలుచుకునే ప్రాంతానికి ఆ పేరు వజీర్ సుల్తాన్ టొబాకో సంస్థ నుంచి వచ్చింది. 1930లో మొదలైన ఈ సిగరెట్ల సంస్థ చార్మినార్ బ్రాండుతో దేశమంతా పేరు తెచ్చుకుంది. 2001లో దమానీ తన బ్రైట్ స్టార్ ఇన్వెస్ట్‌మెంట్స్ ద్వారా ఈ సంస్థ వాటాల కోసం బహిరంగ ప్రతిపాదన చేశారు. వెంటనే ఐటీసీ అనుబంధ సంస్థ పోటీకి దిగడంతో ధర పెరుగుతూ పోయింది. చివరికి సంస్థ పగ్గాలు దమానీ చేతికి రాలేదు. అయినా ఆయన వాటాలు అమ్ముకుని వెళ్లిపోలేదు. అతిపెద్ద వాటాదారుల్లో ఒకరిగా రెండు దశాబ్దాలకు పైగా కొనసాగారు. కొన్నదాన్ని ఓపికగా పట్టుకుని కూర్చునే ఈ స్వభావమే దుకాణాల వ్యాపారంలోనూ ఆయనకు అక్కరకొచ్చింది.

చిల్లర వర్తకంలోకి

1990ల చివర్లో షేర్లలో సంపాదించిన దమానీ చూపు దుకాణాల వైపు తిరిగింది. మొదట సొంత పేరు పెట్టుకోలేదు. ముంబైలో సహకార రంగంలో పేరున్న ‘అప్నా బజార్’ ఫ్రాంచైజీ తీసుకుని 1999లో నవీ ముంబైలోని నెరూల్‌లో దుకాణం నడిపారు. హిందుస్థాన్ లీవర్‌లో పనిచేసిన దామోదర్ మాల్ ఆ రోజుల్లో ఆయనకు తోడుగా ఉన్నారు. ఏ సరుకు ఎంత త్వరగా కదులుతుంది, బేరం ఎక్కడ కుదురుతుంది, తరుగు ఎక్కడ పోతుంది అన్నవి దమానీ అక్కడే నేర్చుకున్నారు. అప్నా బజార్ నమూనా తన ఆలోచనకు సరిపోదని తేలాక సొంత దారి చూసుకున్నారు.

2000 మే 12న అవెన్యూ సూపర్‌మార్ట్స్ నమోదైంది. షేర్ బజారులో రోజువారీ పని తగ్గించి దమానీ దుకాణం మీద దృష్టి పెట్టారు. 2002లో పొవాయ్‌లో మొదటి డీమార్ట్ తెరుచుకుంది. 2004లో హిందుస్థాన్ లీవర్ నుంచి వచ్చి చేరిన నెవిల్ నొరోన్హా 2007లో సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యారు. సూత్రం దమానీది, దాన్ని రోజూ అమలు చేసే బాధ్యత నొరోన్హాది. ఈ అమరిక దాదాపు రెండు దశాబ్దాలు సాగింది. నొరోన్హా తర్వాత ఆ స్థానానికి యూనిలీవర్ నుంచి వచ్చిన అన్షుల్ అసావాను ఎంపిక చేసినట్టు సంస్థ 2025 జనవరిలో ప్రకటించింది.

చవక ధర వెనుక లెక్క

డీమార్ట్‌ను అర్థం చేసుకోవాలంటే ముందు ఎమ్మార్పీ సంగతి చూడాలి. మన దేశంలో పొట్లం మీద గరిష్ఠ చిల్లర ధర అచ్చువేయడం చట్టరీత్యా తప్పనిసరి. దానికి మించి అమ్మకూడదు, తగ్గించి అమ్మవచ్చు. తయారీదారు వేసిన ధరకూ దుకాణదారుడు కొన్న ధరకూ మధ్య ఉన్న తేడాయే అతని బతుకుదెరువు. ఆ తేడాలో కొంత కొనుగోలుదారుకు వదిలేస్తే అదే తగ్గింపు. ధర పొట్లం మీదే ఉంటుంది కాబట్టి ఎంత మిగిలిందో కొన్నవాడికి అక్కడికక్కడే తెలిసిపోతుంది. తగ్గింపు దుకాణానికి మన దేశంలో ఇంతకన్నా పెద్ద ప్రచారం అక్కర్లేదు.

తేడా వదులుకున్నాక దుకాణదారుడు ఎలా బతకాలి? ఒక చిన్న లెక్క చూద్దాం. ఒకరు లక్ష రూపాయల సరుకు పెట్టి, నూటికి 10 రూపాయల లాభంతో, ఏడాదికి 3 సార్లు సరుకు తిప్పారు. ఆయనకు మిగిలేది 30,000. మరొకరు అదే లక్షతో, నూటికి 3 రూపాయలే చూసుకుని, ఏడాదికి 12 సార్లు తిప్పారు. ఆయనకు 36,000 మిగులుతుంది. తక్కువ లాభం వేసుకున్న మనిషే ఎక్కువ సంపాదించాడు. అయితే సరుకు ఆగకుండా కదిలితేనే ఈ లెక్క నిలుస్తుంది. అలా కదిలించడానికి దమానీ కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారు.

మొదటిది సొంత స్థలం. డీమార్ట్ వీలైనంతవరకు భూమి కొని, భవనం కట్టి, దుకాణం తెరుస్తుంది. అలా కుదరని చోట దశాబ్దాల పాటు చెల్లే లీజు తీసుకుంటుంది. ముందుగా పెద్ద పెట్టుబడి కావాలి, విస్తరణ నెమ్మదిస్తుంది. కానీ నెల నెలా అద్దె భారం ఉండదు, వ్యాపారం బాగా సాగుతోందని చూసి యజమాని అద్దె పెంచే బెడద అసలే ఉండదు. అమెరికాలో వాల్‌మార్ట్ స్థాపించిన శామ్ వాల్టన్‌కు ఈ పాఠం చేదుగా తెలిసింది. 1945లో ఆర్కన్సా రాష్ట్రంలోని న్యూపోర్ట్‌లో ఆయన మొదలుపెట్టిన దుకాణం బాగా సాగుతుండగా, గడువు ముగిసిన లీజును పొడిగించడానికి స్థల యజమాని ఒప్పుకోలేదు. వాల్టన్ ఊరు వదిలి బెంటన్‌విల్‌లో మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. 1962లో రోజర్స్ పట్టణంలో మొదటి వాల్‌మార్ట్ తెరిచేనాటికి ఆయన ఆ దెబ్బ నుంచి నేర్చుకుని ఉన్నారు. దమానీ అలాంటి దెబ్బ తగలకముందే జాగ్రత్తపడ్డారు.

రెండోది సరఫరాదారులకు త్వరగా డబ్బు చెల్లించడం. పెద్ద దుకాణాలు చాలావరకు సరుకు తీసుకుని వారాల తరబడి బిల్లులు ఆపుతాయి. డీమార్ట్ వారం పది రోజుల్లోనే చెల్లిస్తుందని పేరు. రొక్కం చేతిలో పడితే సరఫరాదారుడు ధర తగ్గిస్తాడు, కరువు రోజుల్లో కూడా సరుకు ముందు ఇక్కడికే పంపుతాడు. ఆ తగ్గింపు కొనుగోలుదారు బిల్లులో కనిపిస్తుంది.

మూడోది సరుకుల ఎంపికలో పొదుపు. ప్రతి వస్తువులో పాతిక రకాలు పెట్టి అల్మారా నింపకుండా, ఎక్కువ మంది కొనే రకాలనే పెద్ద మొత్తంలో తెస్తుంది. గోదాములో సరుకు సుమారు నెల రోజులకు మించి కూర్చోదు. అమ్మకాల్లో సగానికి పైగా ఆహార సరుకులదే. సబ్బులు, షాంపూలు, శుభ్రం చేసే సామాను మరో భాగం. మిగిలింది బట్టలు, గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాలు, దుప్పట్లు. బియ్యం, పప్పు, నూనె మీద లాభం సన్నగా ఉంటుంది. బట్టలు, ఇంటి సామాను మీద కాస్త ఎక్కువ ఉంటుంది. చవక పప్పు కోసం వచ్చిన కుటుంబం పిల్లలకు రెండు చొక్కాలు, వంటింటికి ఒక కడాయి కూడా తీసుకుంటే దుకాణం లెక్క సరిపోతుంది.

నాలుగోది ఆడంబరం లేకపోవడం. డీమార్ట్ మెరిసే మాల్స్‌లో చోటు వెతుక్కోదు. ప్రకటనల మీద కోట్లు కుమ్మరించదు. పండుగకొక ఆర్భాటపు అమ్మకం పెట్టకుండా, ఏడాది పొడుగునా ఒకే తీరున ధర తగ్గించి ఉంచుతుంది.

ఐదోది దగ్గరదగ్గరగా విస్తరించడం. దేశమంతా ఒకేసారి చేతులు చాచకుండా, ఒక ప్రాంతంలో కుదురుకున్నాకే పక్క ఊరికి వెళ్తుంది. ఒకే గోదాము నుంచి చుట్టుపక్కల దుకాణాలన్నిటికీ లారీలు పంపగలిగితే రవాణా ఖర్చు తగ్గుతుంది, సరుకు నిండుకోదు.

ఈ కట్టుబాట్ల ఫలితం లెక్కల్లో కనిపిస్తుంది. 2024–25 ఆర్థిక సంవత్సరంలో సంస్థ మొత్తం ఆదాయం సుమారు 59,358 కోట్ల రూపాయలు, నికర లాభం సుమారు 2,707 కోట్లు. అంటే నూరు రూపాయల అమ్మకంలో చివరికి మిగిలింది నాలుగున్నర రూపాయలు. రూపాయల్లో పెద్ద మొత్తమే అయినా, నూటికి లెక్క వేస్తే ఇది వీధి చివరి కిరాణా కొట్టువాడికి కూడా సన్నమైన లాభమే.

సంస్థ ఎదుగుదల

మొదటి ఎనిమిదేళ్లలో డీమార్ట్ తెరిచిన దుకాణాలు పాతిక మాత్రమే. 2017 మార్చి నాటికి 131, 2020 మార్చి నాటికి 214, 2023 మార్చి నాటికి 324, 2024 మార్చి నాటికి 365 అయ్యాయి. ఆ తర్వాతి ఏడాదిలో మరో 50 చేరాయి.

2017 మార్చిలో సంస్థ తొలిసారి ప్రజలకు షేర్లు అమ్మింది. ఒక్కో షేరు 299 రూపాయల చొప్పున 1,870 కోట్లు సమీకరించింది. అమ్మకానికి పెట్టినదానికి నూరు రెట్లకు పైగా దరఖాస్తులు వచ్చాయి. మార్చి 21న బజారులో నమోదైన రోజే షేరు రెట్టింపు ధర పలికింది. ఆ ఒక్క రోజుతో దమానీ దేశంలోని అత్యంత సంపన్నుల వరుసలోకి వచ్చారు. మొదటి నుంచీ వెంట ఉండి షేర్లు పొందిన ఉద్యోగులు కూడా బాగుపడ్డారు. 2020 ఫిబ్రవరిలో సంస్థ మదుపు సంస్థలకు షేర్లు అమ్మి 4,098 కోట్లు సమీకరించింది. నమోదైన సంస్థలో పావు వంతు వాటా ప్రజల చేతిలో ఉండాలన్న నిబంధన మేరకు దమానీ అదే నెలలో తన వాటాలో కొంత అమ్మారు. ఇంటి నుంచే సరుకులు కోరేవారి కోసం 2016 చివర్లో ‘డీమార్ట్ రెడీ’ సేవ ముంబైలో మొదలైంది.

తెలుగునాట సూపర్‌మార్కెట్ల దారి

డీమార్ట్ వచ్చేనాటికి తెలుగు పట్టణాలకు సూపర్‌మార్కెట్ కొత్త కాదు. సహకార సూపర్ బజార్లు అంతకు చాలా ముందే నిత్యావసరాలను ఒక కప్పు కిందకు తెచ్చాయి. 1986లో హైదరాబాద్‌లో మొదలైన త్రినేత్ర సూపర్‌మార్కెట్లు, వీధి వీధినా అరల నుంచి మనమే సరుకు తీసుకునే అలవాటు నేర్పాయి. 2007లో ఆ సంస్థ ఆదిత్య బిర్లా వర్గం చేతికి వెళ్లి ‘మోర్’ గొలుసులో కలిసింది. 2001లో కిశోర్ బియానీ ప్రారంభించిన తొలి బిగ్ బజార్లలో ఒకటి హైదరాబాద్‌లోనే తెరుచుకుంది. 2006 జనవరి 26న ఆయన మొదలుపెట్టిన ‘అతి చవక రోజు’ అమ్మకాలకు జనం తోసుకువచ్చారు. తెలుగువారే స్థాపించిన హెరిటేజ్ సంస్థ ‘హెరిటేజ్ ఫ్రెష్’ దుకాణాలు నడిపి, 2016లో వాటిని బియానీ ఫ్యూచర్ వర్గానికి అప్పగించింది. మందుల రంగంలో తగ్గింపు ధరల బాట పట్టిన తెలుగు వైద్యుడు గంగాడి మధుకర్ రెడ్డి. 2006లో హైదరాబాద్‌లో ఆయన నెలకొల్పిన మెడ్‌ప్లస్ దేశంలోని పెద్ద మందుల దుకాణ గొలుసుల్లో ఒకటై, 2021 డిసెంబరులో షేర్ బజారుకెక్కింది.

ఇదే దారిలో పడిపోయినవారి కథ కూడా తెలుసుకోదగ్గదే. 1997లో చెన్నైలో ఆర్. సుబ్రమణియన్ మొదలుపెట్టిన ‘సుభిక్ష’ దేశంలో తగ్గింపు దుకాణాలకు మొదటి పెద్ద పేరు. ఆంధ్రప్రదేశ్‌తో సహా అనేక రాష్ట్రాల్లో సుమారు 1,600 దుకాణాలకు విస్తరించి, చేతిలో నగదు అయిపోయి 2009లో మూతపడింది. బిగ్ బజార్ కూడా అప్పుల భారంతో 2022లో చితికిపోయింది. దుకాణాలు తెరిచిన వేగాన్ని చేతిలోని రొక్కం అందుకోలేకపోవడమే రెండు చోట్లా కనిపించే కారణం. సుభిక్ష 1,600 దుకాణాలను నిలబెట్టలేక మూతపడిన నాటికి డీమార్ట్‌కు పాతిక దుకాణాలకు మించి లేవు. కానీ వాటి గోడలు చాలావరకు సొంతం.

వరంగల్ బజారు నుంచి చూస్తే

తక్కువ తీసుకుని ఎక్కువ రాబట్టే సూత్రం ఓరుగల్లుకు కొత్తది కాదు. ఇక్కడి నుంచి పాలించిన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుపానులో పడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకునే పాత పద్ధతిని మానేసి, ముప్పయ్యో వంతు సుంకం మాత్రమే తీసుకుంటామని సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. ఓడను దోచుకుంటే ఒక్కసారే లాభం. నమ్మకం కలిగిస్తే ఆ ఓడ ఏటా వస్తుంది. దుకాణానికి వచ్చిన మనిషి విషయంలోనూ లెక్క ఇదే.

ఆధునిక వరంగల్ కూడా వర్తకం మీదే పెరిగింది. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి బస్తాలు వెల్లువెత్తుతాయి. అడ్తిదారు, ఖరీదుదారు, హమాలీ, దడవాయి అందరి బతుకూ ఆ పంటల ధర మీదే ఆధారపడి ఉంటుంది. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆజంజాహి మిల్లు దశాబ్దాల పాటు నగరానికి జీతాలిచ్చింది. మిల్లు జీతం వచ్చిన రోజున బజారు కళకళలాడేది. ఆ మిల్లు మూతపడింది. బజారు మాత్రం నిలబడింది.

ఇలాంటి ఊళ్లో కిరాణా కొట్టు సరుకులు అమ్మి ఊరుకోదు, అప్పు కూడా ఇస్తుంది. పత్తి అమ్మిన తర్వాత తీరుస్తానన్న రైతుకు, వారం కూలి వచ్చాక ఇస్తానన్న మేస్త్రీకి ఉద్దెర ఖాతా తెరుస్తుంది. ఐదు రూపాయల చాపత్తా, పది రూపాయల నూనె పొట్లం కూడా ఇస్తుంది. పిల్లాడిని పంపితే సరుకు కట్టి, చిల్లర చేతిలో పెట్టి జాగ్రత్తగా పొమ్మంటుంది. డీమార్ట్ ఈ మూడూ చేయదు. రొక్కమో, కార్డో, ఫోను చెల్లింపో ఉన్నవారికే అక్కడి తగ్గింపు దక్కుతుంది. నెల జీతం ఉండి, ఒకేసారి మూడు నాలుగు వేల సరుకు కొనగలిగి, మోసుకెళ్లడానికి బండి ఉన్న కుటుంబానికి అది నిజమైన మేలు. ఏ రోజు కూలితో ఆ రోజు సరుకు కొనుక్కునే ఇంటికి ఆ మేలు అంతగా అందదు.

అందుకే వరంగల్, హన్మకొండల్లో తగ్గింపు దుకాణం వచ్చాక కూడా కిరాణం పోలేదు, దాని పని మారింది. నెల మొదట్లో వచ్చే పెద్ద చీటీ డీమార్ట్‌కు వెళ్తోంది. నెల మధ్యలో అయిపోయిన చింతపండు, ఇంటికి చుట్టాలొస్తే కావాల్సిన పాల పొడి, నెలాఖరులో ఉద్దెర కిరాణా కొట్టుకు మిగులుతున్నాయి. పెద్ద చీటీలోనే కొట్టువాడికి నాలుగు రూపాయలు మిగిలేవి కాబట్టి ఇది అతనికి నిజమైన దెబ్బ. మొదట దెబ్బతినేది సూపర్‌మార్కెట్ పోలికలతో, అద్దె గదుల్లో, అప్పు మీద నడిచే మధ్యస్థాయి దుకాణాలు. సొంత ఇంటి ముందు గదిలో కొట్టు పెట్టుకుని, భార్యాభర్తలిద్దరూ నడుపుకునే కుటుంబానికి అద్దె లేదు, జీతాల ఖర్చు లేదు. దమానీ కోట్లు పెట్టి కొనుక్కున్న ధీమా ఆ కుటుంబానికి ఇంటి గోడల రూపంలో ముందే ఉంది.

ఇతర పెట్టుబడులు, విరాళాలు

2020 ప్రాంతంలో దమానీ కుటుంబం ఇండియా సిమెంట్స్‌లో ఐదో వంతుకు దగ్గరగా వాటా కొన్నది. నల్గొండ జిల్లా విష్ణుపురం, కడప జిల్లా చిలమకూరు కర్మాగారాల వల్ల ఆ సంస్థ తెలుగువారికి తెలిసినదే. 2024లో ఆ వాటాను అల్ట్రాటెక్ సంస్థ కొనుక్కుంది. 2021లో దమానీ సోదరులు ముంబైలోని మలబార్ హిల్‌లో 1,001 కోట్ల రూపాయలకు ఇల్లు కొనడం వార్తల్లోకెక్కింది. అలీబాగ్‌లో ఆయనకు విడిది హోటల్ కూడా ఉంది.

2020 ఏప్రిల్‌లో, కోవిడ్ తొలి రోజుల్లో, దమానీ తన బ్రైట్ స్టార్ సంస్థ ద్వారా పీఎం కేర్స్ నిధికి 100 కోట్లు, 11 రాష్ట్రాలకు మరో 55 కోట్లు ప్రకటించారు. అందులో తెలంగాణకు 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌కు 5 కోట్లు అందాయి.

విమర్శలు, సవాళ్లు

డీమార్ట్ మీద వినియోగదారులు తరచుగా చెప్పే ఫిర్యాదు రద్దీ. ఆదివారం సాయంత్రం బండి నిలపడానికి చోటు, బిల్లు వేయించుకోవడానికి ఓపిక రెండూ కావాలి. సిబ్బందిని పొదుపుగా వాడుకోవడం వల్ల కూడా ఈ ఇబ్బంది వస్తుంది. తాజా కూరగాయలు, పండ్ల విషయంలో ఇది రైతుబజారుకు, వీధి బండికి సాటి రాదు. పెద్ద కొనుగోలుదారు ధర తగ్గించమని పట్టుబడితే చిన్న తయారీదారుడి మీద ఒత్తిడి పడుతుందన్న వాదన ప్రపంచమంతటా ఉంది. వాల్‌మార్ట్ విషయంలో అమెరికాలో అది దశాబ్దాలుగా నలుగుతోంది. మన దగ్గర కూడా ఆ ప్రశ్న అడగాల్సిందే.

కొత్త పోటీ ఫోను నుంచి వచ్చింది. పది పదిహేను నిమిషాల్లో సరుకు గుమ్మంలోకి తెచ్చే సేవల వల్ల మహానగరాల్లోని తన పెద్ద దుకాణాల అమ్మకాలపై ప్రభావం పడిందని సంస్థ 2024 అక్టోబరులో ఒప్పుకుంది. నగరాల్లో స్థలాల ధరలు పెరగడంతో భూమి కొని దుకాణం కట్టే పద్ధతి కూడా ఖరీదవుతోంది. వరంగల్ స్థాయి నగరాల్లో భూమి ధర మహానగరాల కన్నా తక్కువ, జీతం మీద బతికే కుటుంబాలు పెరుగుతున్నాయి. దమానీ పద్ధతికి ఇకముందు ఇలాంటి నగరాలే మంచి చోట్లు కావచ్చు.

అంచనా

దమానీ కొత్త వస్తువేదీ కనిపెట్టలేదు. కొనుగోలుదారు తానే సరుకు తీసుకునే దుకాణం 1916లోనే అమెరికాలోని మెంఫిస్‌లో పుట్టింది. తగ్గింపు ధరల గొలుసును వాల్టన్ ఆయనకు నాలుగు దశాబ్దాల ముందే నడిపి చూపారు. దమానీ ప్రత్యేకత ఓర్పు. డబ్బు ఉండి కూడా తొందరపడలేదు. పక్కవాళ్లు వందల దుకాణాలు తెరుస్తున్నప్పుడు ఆయన స్థలాల పత్రాలు చూసుకుంటూ కూర్చున్నారు. సరుకు ఇచ్చినవాడికి సకాలంలో డబ్బు, కొన్నవాడికి పొట్లం మీది ధరకన్నా తక్కువ, తనకు నూటికి నాలుగైదు రూపాయలు అన్న పంపకాన్ని ఆయన రెండు దశాబ్దాలకు పైగా మార్చలేదు.

ఆయన జీవితం నుంచి వరంగల్ వంటి ఊళ్లో దుకాణం పెట్టబోయే యువతీయువకులు నేర్చుకోవలసింది చాలా ఉంది. మాట ప్రకారం చెల్లించేవాడికి సరుకు చవకగా దొరుకుతుంది. అద్దె, వడ్డీ లేని కొట్టు చెడ్డ రోజులను తట్టుకుంటుంది. అమ్ముడుపోని సరుకు అరలో ఉన్నంతకాలం అది లాభం కింద లెక్కకు రాదు. ఇవి దమానీ దలాల్ వీధిలోనూ, నెరూల్ దుకాణంలోనూ నేర్చుకున్న సంగతులు. మన బజారులో ముప్పై నలభై ఏళ్లుగా కొట్టు నడుపుతున్న ఏ పెద్దమనిషిని అడిగినా ఇవే చెబుతారు. అలాంటి పెద్దమనుషులు చెప్పే లెక్కను నాలుగు వందల దుకాణాల్లో రోజూ తప్పకుండా పాటించడం వల్లే రాధాకిషన్ దమానీ పేరు భారతీయ వర్తక చరిత్రలోకి ఎక్కింది.